గొంతులో ఏదో జారుతున్నట్టు, అడ్డం పడ్డట్టు ఉంటుందా? పోస్ట్ నేసల్ డ్రిప్ – ఎందుకొస్తుంది, రాకుండా ఏం చేయాలి

ఈ రోజు ఎపిసోడ్‌లో పోస్ట్ నేసల్ డ్రిప్ గురించి మాట్లాడుకుందాం. పేరు ఇంగ్లిష్‌లో ఉంది కాబట్టి ఇదేదో కొత్త జబ్బు అనుకోకండి. మన పేషెంట్లు దీన్ని వాళ్ల మాటల్లో చాలా బాగా చెప్తారు. "సారూ, గొంతుల ఏదో అడ్డం పడ్డట్టు ఉంటది. మింగితే పోదు, ఊస్తే రాదు." ఇంకొకరు, "పండుకోంగనే గొంతులకు కారుతది, దగ్గు లేస్తది." మరొకరు, "పొద్దున లేవంగనే అరగంట సేపు కాండ్రించుడే." ఈ మూడు మాటల్లో జబ్బు లక్షణాలు మొత్తం ఉన్నాయి.

సూర్యాపేట, పెన్‌పహాడ్, కోదాడ, మిర్యాలగూడ వైపు నుంచి వచ్చే పేషెంట్లలో ఈ కంప్లైంట్ ఏడాది పొడుగునా ఉంటుంది. కానీ రెండు సీజన్లలో బాగా పెరుగుతుంది. ఒకటి వానాకాలం వరి కోతలప్పుడు, అంటే అక్టోబర్ చివరి నుంచి డిసెంబర్ దాకా. రెండోది యాసంగి కోతలప్పుడు, ఏప్రిల్, మే నెలల్లో. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, ఈ ఎపిసోడ్ మొత్తానికి అదే ముఖ్యం: బాధ గొంతులో ఉంటుంది, కారణం ఎక్కువసార్లు ముక్కులో ఉంటుంది. గొంతుకు మందు వాడుతూ కూర్చుంటే నెలలు గడుస్తాయి గానీ తగ్గదు.

సరే, అసలు ముక్కులో ఏం జరుగుతుందో చూద్దాం. స్క్రీన్ మీద బొమ్మ చూడండి. ఇది ముక్కు. దీని చుట్టూ నుదుటిలో, బుగ్గల వెనక, కళ్ల మధ్య ఎముకల్లో గాలి గదులు ఉన్నాయి. వీటినే సైనస్‌లు అంటాం. ముక్కు లోపల, ఈ గదుల లోపల అంతా ఒక తడి పొర ఉంటుంది. ఆ పొర రోజంతా చీమిడి తయారుచేస్తూనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కూడా ముక్కు, గొంతు కలిపి రోజుకు సుమారు ఒక లీటరు తయారవుతుంది. వినగానే చాలామంది ఆశ్చర్యపోతారు. ఒక లీటరు తయారైతే మరి ఎక్కడికి పోతుంది? మనకు తెలియకుండానే మింగేస్తాం.

ఈ చీమిడికి పని ఉంది. మనం పీల్చే గాలిలోని దుమ్ము, పొగ, సూక్ష్మజీవులు దానికి అంటుకుంటాయి. ఆ పొర మీద కంటికి కనిపించనంత సన్నని వెంట్రుకల్లాంటివి ఉంటాయి, వాటిని సీలియా అంటారు. గాలికి వరి చేను ఊగినట్టు అవన్నీ ఒకే వైపుకు ఊగుతూ, చీమిడిని ముక్కు వెనక్కి, అక్కడి నుంచి గొంతులోకి నెడుతుంటాయి. అక్కడి నుంచి అది పొట్టలోకి పోతుంది, పొట్టలోని ఆసిడ్ సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది. అంటే ముక్కు వెనక నుంచి గొంతులోకి చీమిడి జారడం జబ్బు కాదు, అది మన శరీరం రోజూ చేసుకునే శుభ్రత.

మరి జబ్బు ఎప్పుడవుతుంది? మూడు సందర్భాల్లో. చీమిడి మరీ ఎక్కువైనప్పుడు, మరీ చిక్కబడి జిగురుగా అయినప్పుడు, లేదా మామూలుగానే ఉన్నా గొంతు దగ్గర వాపు వల్ల దాన్ని మనం ఎక్కువగా ఫీలవుతున్నప్పుడు. అప్పుడే గొంతు సవరించుకోవడం, దగ్గు, గొంతులో ముద్ద ఉన్నట్టు అనిపించడం, నోటి వాసన, గొంతు బొంగురు ఇవన్నీ వస్తాయి. గొంతు సవరించుకున్నకొద్దీ అక్కడ రాపిడి పెరిగి, ఇంకా సవరించుకోవాలనిపిస్తుంది. ఇదొక గిరక లాంటిది, తిరుగుతూనే ఉంటుంది.

ఎక్కువ రోజుల దగ్గుకు ఇది ముఖ్యమైన కారణాల్లో ఒకటి. 2006లో అమెరికన్ ఛెస్ట్ ఫిజీషియన్ల సంస్థ దగ్గు మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో దీని పేరునే మార్చి, 'అప్పర్ ఎయిర్‌వే కాఫ్ సిండ్రోమ్' అన్నారు. ఎందుకంటే కొందరిలో కఫం జారడం కంటే, ముక్కు, గొంతు భాగాలు రేగి ఉండడమే దగ్గును లేపుతుందని అర్థమైంది. పేరు ఏదైనా చూడాల్సింది ముక్కునే.

ఇప్పుడు కారణాలకు వద్దాం. ఒక్కో కారణానికి ట్రీట్‌మెంట్ వేరు కాబట్టి ఇది కాస్త ఓపికగా వినండి.

మొదటిది అలర్జీ. మన ప్రాంతంలో నేను ఎక్కువగా చూసేది ఇదే. తుమ్ములు వరసగా వస్తాయి, ముక్కు దురద, కళ్లు దురద, నీళ్లలాంటి చీమిడి కారుతుంది. తర్వాత అది వెనక్కి జారి గొంతును ఇబ్బంది పెడుతుంది. సూర్యాపేట జిల్లా, దాని పక్కన మిర్యాలగూడ అంటే వరి ప్రాంతం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు, బోర్ల నీళ్లు, ఎక్కడ చూసినా వరి. మిర్యాలగూడ చుట్టూ ఎన్ని రైస్ మిల్లులు ఉన్నాయో మీకు తెలుసు. కోత మిషన్ వెనకాల లేచే దుమ్ము, ఐకేపీ కేంద్రాల్లో వడ్లు తూర్పార పట్టేటప్పుడు వచ్చే పొల్లు, నూగు, రోడ్ల మీద వడ్లు ఆరబోసినప్పుడు లేచే దూగర, మిల్లుల్లో తవుడు, ఊక. ఇదంతా ముక్కులోకే పోతుంది. దానికి తోడు కోతలయ్యాక కొయ్యకాళ్లు తగలబెడితే ఆ పొగ. హుజూర్‌నగర్, మేళ్లచెర్వు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపురాయి క్వారీల దగ్గర పనిచేసేవాళ్లకు ఆ దుమ్ము. పొలం గట్ల మీద, రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామ మొక్క పుప్పొడి ఇంకొకటి. వీటిలో కొన్ని నిజమైన అలర్జీ కలిగిస్తాయి, కొన్ని ఊరికే ముక్కును రేపుతాయి. ఫలితం మాత్రం ఒక్కటే.

ఇంట్లో ఉండేవాళ్లకు అలర్జీ ఉండదా అంటే, ఉంటుంది. పరుపుల్లో, దిండ్లలో, దుప్పట్లలో డస్ట్ మైట్స్ అనే కంటికి కనపడని పురుగులు ఉంటాయి. మన ఒంటి మీద నుంచి రాలే చర్మం పొట్టే వాటి తిండి. వాటి వ్యర్థాలే అలర్జీకి కారణం. ఇవి ఏడాది పొడుగునా ఉంటాయి. గోడల చెమ్మ మీద పట్టే బూజు, బొద్దింకలు కూడా ఇదే లెక్క.

రెండోది జలుబు, సైనసైటిస్. మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది, వారం పది రోజుల్లో తగ్గుతుంది. దగ్గు మాత్రం ఇంకో వారం రెండు వారాలు సాగొచ్చు. చీమిడి పచ్చగా మారగానే "ఇన్‌ఫెక్షన్ ముదిరింది, యాంటీబయాటిక్ కావాలి" అనుకుంటారు. అది సరైంది కాదు. వైరస్ జలుబులో కూడా మూడు నాలుగు రోజులకు చీమిడి పసుపు, ఆకుపచ్చ రంగులోకి మారుతుంది. రంగును చూసి యాంటీబయాటిక్ వేసుకోకండి. మరి ఎప్పుడు బ్యాక్టీరియా అని అనుమానిస్తాం? పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోతే, తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరం, ముఖం నొప్పితో ఎక్కువైతే, లేదా మొదటి నుంచే ఎక్కువ జ్వరం, చీములాంటి స్రావం మూడు నాలుగు రోజులు వదలకుండా ఉంటే. పన్నెండు వారాలు దాటి ఉంటే దాన్ని దీర్ఘకాలిక సైనసైటిస్ అంటాం. దానికి ఎండోస్కోపీ, అవసరమైతే సీటీ స్కాన్ చేసి చూడాల్సిందే.

మూడోది ముక్కు నిర్మాణంలో తేడా. ముక్కు దూలం వంకర ఉండడం, లోపల కండ పెరగడం, పాలిప్స్. ఒక మాట చెప్పాలి. దూలం కొద్దిగా వంకర లేనివాళ్లు చాలా తక్కువ. స్కాన్‌లో వంకర కనిపించిందని అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. గాలి ఆడకపోవడం, మళ్లీ మళ్లీ సైనస్ ఇన్‌ఫెక్షన్ రావడం వంటి ఇబ్బంది ఉండి, మందులతో తగ్గకపోతేనే ఆపరేషన్ సంగతి ఆలోచిస్తాం.

నాలుగోది అలర్జీ కాని రకం. చల్లగాలి తగిలినా, ఘాటు వాసన వచ్చినా, మిరపకాయ బజ్జీ తిన్నా ముక్కు కారుతుంది. అలర్జీ టెస్టులు చేస్తే ఏమీ రాదు. ముక్కు నరాలు అతిగా స్పందించడం వల్ల ఇలా జరుగుతుంది. పెద్దవయసు వాళ్లలో ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు కూడా హార్మోన్ల మార్పు వల్ల ముక్కు దిబ్బడ వేయడం, స్రావం పెరగడం ఉంటుంది, కాన్పు తర్వాత దానంతటదే తగ్గుతుంది.

ఐదోది పొట్ట. అవును, పొట్టే. కొందరిలో ఆసిడ్ గొంతు దాకా ఎగదన్నుతుంది. ఛాతీలో మంట ఉండాలని లేదు. గొంతులో ముద్ద ఉన్నట్టు, కఫం ఉన్నట్టు, పొద్దున్నే గొంతు బొంగురుగా ఉండడమే లక్షణాలు. రాత్రి పది గంటలకు కడుపునిండా తిని వెంటనే మంచమెక్కేవాళ్లలో ఇది బాగా చూస్తాను. వీళ్లకు ముక్కు మందులు ఎన్ని ఇచ్చినా ఉపయోగం ఉండదు.

ఆరోది మందులు. బీపీకి వాడే కొన్ని మాత్రల పేర్లు 'ప్రిల్' అని ముగుస్తాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి. ఇవి కొందరిలో పొడిదగ్గు, గొంతులో గరగర తెస్తాయి. మీరు ఇవి వాడుతూ నెలల తరబడి దగ్గుతుంటే డాక్టర్‌కు చెప్పండి, వేరే మాత్ర మారుస్తారు. మీ అంతట మీరు మాత్రం బీపీ మాత్ర ఆపకండి.

ఇక పొగాకు సంగతి. బీడీ, సిగరెట్, చుట్ట. ఈ పొగ నేరుగా సీలియాను దెబ్బ తీస్తుంది. ఊడ్చే చీపురు విరిగిపోతే ఇల్లు ఎలా ఉంటుందో గొంతు అలా ఉంటుంది. కట్టెల పొయ్యి పొగ, దోమల కాయిల్ పొగ కూడా ముక్కును రేపుతాయి. ఇంట్లో బీడీ తాగేది ఒకరైతే, దగ్గేది పిల్లలు.

ఇన్ని కారణాలుంటే మాకు ఏది ఉందో ఎలా తెలుసుకోవాలి అంటారా? కొన్ని ప్రశ్నలు వేసుకోండి. తుమ్ములు, దురద ఉన్నాయా? అయితే అలర్జీ వైపు. కోతలప్పుడు, మిల్లుకు వెళ్లినప్పుడు ఎక్కువై, సెలవులో వేరే ఊరికి పోతే తగ్గుతోందా? అయితే పని దగ్గరి దుమ్ము. వాసన తెలియడం తగ్గిందా, ముఖం బరువుగా ఉందా? సైనస్, పాలిప్స్. తిన్న తర్వాత, పడుకున్నప్పుడు ఎక్కువా? పొట్ట. పిల్లాడు నోరు తెరిచి నిద్రపోతూ గురక పెడుతున్నాడా, చెవి నొప్పి మళ్లీ మళ్లీ వస్తోందా? అడినాయిడ్స్. ఈ సమాధానాలు పట్టుకుని డాక్టర్ దగ్గరికి వస్తే మా పని సగం అయిపోయినట్టే.

మొన్నటి సీజన్‌లో పెన్‌పహాడ్ మండలం నుంచి ఒకావిడ వచ్చింది. వడ్ల కేంద్రంలో తూర్పార పట్టే పని. ఐదు నెలలుగా దగ్గు. చేతిలో ఒక కవరు నిండా చీటీలు. మూడు రకాల యాంటీబయాటిక్‌లు, నాలుగు దగ్గు మందులు, రెండుసార్లు ఇంజెక్షన్లు. "టీబీ ఏమో అని మా ఇంట్ల నా గిలాస వేరే పెట్టిన్రు సారూ" అన్నది. తెమడ పరీక్ష చేయించాం, టీబీ లేదు. ఛాతీ ఎక్స్‌రే బాగుంది. ముక్కులో చూస్తే లోపలి కండ పాలిపోయి, నీరు పట్టి ఉబ్బి ఉంది. అలర్జీ ఉన్న ముక్కు అలాగే కనిపిస్తుంది. గొంతు వెనక గోడ మీద కఫం జారుతూ కనిపించింది. అంతమంది గొంతు చూశారు, ముక్కు ఎవరూ చూడలేదు. ముక్కు కడగడం, ఒక స్ప్రే, పనిలో మాస్కు. ఆరు వారాలకు వచ్చినప్పుడు దగ్గు దాదాపు పోయింది. మళ్లీ ఇంట్లో అందరితో పాటే ఆమె గిలాస పెడుతున్నారట. అది చెప్పేటప్పుడు ఆమె ముఖం చూస్తే, ఈ జబ్బును చిన్నదని ఎవరూ అనరు.

అయితే టీబీ పరీక్ష చేయించడం మాత్రం సరైన పనే. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే ఎవరైనా తెమడ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో అది ఉచితం. పరీక్ష చేయించకుండానే గిలాస వేరు పెట్టడం తప్పు.

ఇప్పుడు ట్రీట్‌మెంట్. మొదటి మెట్టు, అందరికీ పనికొచ్చేది, ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం. యోగాలో జలనేతి అంటారు, అదే. జిగట కఫాన్ని, దుమ్మును కడిగేస్తుంది. మెడికల్ షాపులో దీనికోసం బాటిల్, ఉప్పు ప్యాకెట్లు దొరుకుతాయి. ఇంట్లో చేసుకోవాలంటే కొలత ఇది: ఒక లీటరు నీళ్లకు 9 గ్రాముల ఉప్పు. పావు లీటరు చేసుకుంటే అర టీస్పూన్‌కు కొంచెం తక్కువ మెత్తటి ఉప్పు, ఒక చిటికెడు తినే సోడా. అయోడిన్ కలపని శుభ్రమైన ఉప్పైతే మంట తక్కువ. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. సింక్ మీదికి వంగి, తల ఒక పక్కకు వంచి, నోటితో గాలి పీలుస్తూ, పై ముక్కు రంధ్రంలోకి మెల్లగా పోయండి. కింది రంధ్రంలోంచి వచ్చేస్తుంది. తర్వాత రెండో వైపు. అయ్యాక ఒక్కో రంధ్రం మెల్లగా చీదండి. రెండూ మూసి గట్టిగా చీదితే నీళ్లు చెవుల్లోకి పోతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి జాగ్రత్తగా వినండి. ఈ నీళ్లు తప్పకుండా మరగకాచి చల్లార్చినవే అయి ఉండాలి. బోరు నీళ్లు వద్దు, కాలువ నీళ్లు వద్దు, నల్లా నీళ్లు వద్దు. ఫిల్టర్ నీళ్ల క్యాన్ తెచ్చుకుంటాం సార్ అంటారు, అవి కూడా మరిగించాల్సిందే. కనీసం ఒక నిమిషం తెర్లాలి, నేనైతే ఐదు నిమిషాలు అని చెప్తాను. ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, మంచినీళ్లలో ఉండే నెగ్లేరియా అనే ఒక అమీబా ముక్కు ద్వారా మెదడుకు పోగలదు. అదే నీళ్లు తాగితే దానివల్ల ఆ జబ్బు రాదు, ముక్కులోకి పోతేనే ప్రమాదం. 2011లో అమెరికాలోని లూసియానాలో నల్లా నీళ్లతో ముక్కు కడుక్కున్న ఇద్దరు చనిపోయారు. మన పక్కన కేరళలో 2024, 2025ల్లో ఇలాంటి మెదడు జబ్బు కేసులు వచ్చాయి. చాలా అరుదు. కానీ వస్తే బతకడం కష్టం. నీళ్లు మరిగించడానికి పట్టే ఐదు నిమిషాలు మిగుల్చుకోవాలని చూడకండి. బాటిల్‌ను కూడా వాడిన ప్రతిసారీ కడిగి ఆరబెట్టండి.

రెండో మెట్టు, స్టెరాయిడ్ ముక్కు స్ప్రే. ఫ్లూటికాసోన్, మోమెటాసోన్, బుడెసొనైడ్ లాంటివి. స్టెరాయిడ్ అనగానే భయపడతారు. వీటిలో డోసు చాలా తక్కువ, చాలావరకు ముక్కులోనే పనిచేస్తుంది. డాక్టర్ చెప్పిన పద్ధతిలో వాడితే సురక్షితం. సమస్య ఏంటంటే, రెండు రోజులు కొట్టుకుని "పని చేయట్లేదు" అని మానేస్తారు. ఇది నొప్పి మాత్ర కాదు. పూర్తి ఫలితానికి ఒక వారం, రెండు వారాలు పట్టొచ్చు. రోజూ వాడాలి. వాడే పద్ధతి కూడా చూడండి. తల కొంచెం ముందుకు వంచండి. ఎడమ ముక్కులోకి కుడి చేత్తో, కుడి ముక్కులోకి ఎడమ చేత్తో కొట్టుకోండి. స్ప్రే మొన మధ్య దూలం వైపు కాకుండా బయటి వైపు, అంటే అదే పక్క చెవి వైపు ఉండాలి. గట్టిగా ఎగపీల్చకండి, పీలిస్తే మందు గొంతులోకి పోతుంది. నేరుగా దూలం మీద కొడితే ముక్కులోంచి రక్తం రావచ్చు. ముక్కు కడుక్కున్న తర్వాత స్ప్రే వాడండి, కడగకముందు కాదు.

మూడోది అలర్జీ మాత్రలు. సెటిరిజిన్, లెవోసెటిరిజిన్ తుమ్ములకు, దురదకు బాగా పనిచేస్తాయి. కానీ కొందరికి మత్తుగా ఉంటుంది. ట్రాక్టర్, కోత మిషన్, లారీ నడిపేవాళ్లు, మిల్లులో మిషన్ల దగ్గర ఉండేవాళ్లు డాక్టర్‌కు ఆ మాట ముందే చెప్పండి. ఫెక్సోఫెనడిన్ లాంటి మత్తు తక్కువ ఉన్నవి ఉన్నాయి.

ఇక చేయకూడనివి. అన్నిటికంటే ముందు ముక్కు చుక్కలు. జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ అని మందు పేరు చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చూడండి. వేసిన ఐదు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, మంత్రం వేసినట్టు. కానీ ఐదు రోజులు మించి వాడితే ముక్కు దానికి అలవాటు పడుతుంది. చుక్క ప్రభావం తగ్గగానే ముందుకంటే ఎక్కువ మూసుకుపోతుంది, మళ్లీ చుక్క. నాలుగేళ్లుగా జేబులో చుక్కల మందు లేకుండా గడప దాటని పేషెంట్లను చూశాను. వాళ్లకు ఇప్పుడు జబ్బు ఆ చుక్కలే. ఇలా అలవాటైనవాళ్లు డాక్టర్ సలహాతో స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి, చుక్కలు మానుకోవచ్చు. మొదటి వారం కష్టంగా ఉంటుంది, తర్వాత ముక్కు తనంతట తాను తెరుచుకుంటుంది.

రెండోది, పిల్లలకు దగ్గు సిరప్‌లు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషపూరితమైన దగ్గు సిరప్ తాగి చిన్నపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ మరోసారి స్పష్టంగా చెప్పింది: రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దు, ఐదేళ్లలోపు పిల్లలకు కూడా సాధారణంగా అవసరం లేదు అని. ముక్కు నుంచి జారే కఫంతో వచ్చే దగ్గుకు సిరప్ ఎలాగూ మందు కాదు. చిన్నపిల్లలకు ఒకటి రెండు సెలైన్ చుక్కలు ముక్కులో వేసి తుడిస్తే చాలు.

మూడోది, పసిపిల్లల ముక్కులో నూనె పోయడం. స్నానం చేయించి ముక్కులో నూనె చుక్కలు వేసే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది. అమ్మమ్మలకు, నానమ్మలకు నచ్చజెప్పండి.

ఆవిరి పట్టొచ్చా అంటే, పెద్దవాళ్లు పట్టొచ్చు, కాసేపు హాయిగా ఉంటుంది. జబ్బు మాత్రం దానితో పోదు. పిల్లల్ని వేడినీళ్ల గిన్నె మీద కూర్చోబెట్టకండి, ఒళ్లు కాలిన కేసులు చూస్తుంటాం. పాలు, పెరుగు తింటే కఫం పెరుగుతుందా అని అందరూ అడుగుతారు. పాలు లాలాజలంతో కలిసి కాసేపు గొంతులో చిక్కగా అనిపిస్తాయి, అంతేగానీ కఫం ఎక్కువ తయారవుతుందనడానికి ఆధారాలు లేవు. పిల్లలకు పాలు ఆపేయకండి.

ఇప్పుడు నివారణ. మన ప్రాంతానికి పనికొచ్చేలా పొలం పనుల క్రమంలోనే చెప్తాను.

కోతలకు రెండు వారాల ముందు: ప్రతి ఏడాదీ కోతలప్పుడు ఇబ్బంది పడేవాళ్లు అప్పుడే డాక్టర్‌ను కలిసి స్ప్రే మొదలుపెట్టండి. ముక్కు రేగిన తర్వాత అదుపు చేయడం కంటే, రేగకముందు ఆపడం తేలిక.

కోతల్లో: తువ్వాల కట్టుకుంటే పెద్ద దుమ్మును ఆపుతుంది గానీ సన్నని దూగరను ఆపలేదు. ఎన్95 మాస్కు, ముక్కు మీద క్లిప్ బిగించి, గడ్డం కింద దాకా పెట్టుకోండి. ఎండలో కష్టమే, నాకు తెలుసు. కనీసం తూర్పార పట్టేటప్పుడు, బస్తాలకు ఎత్తేటప్పుడు, మిషన్ పక్కన ఉన్నప్పుడు పెట్టుకోండి. గాలి మీ వెనక నుంచి వీచేలా నిలబడండి. హమాలీలకు, మిల్లు పనివాళ్లకు మాస్కులు ఇవ్వడం యజమానుల బాధ్యత అని నేను అనుకుంటాను.

పని నుంచి వచ్చాక: ఆ బట్టలతో మంచం మీద కూర్చోకండి. బట్టలు బయటే మార్చి, తలతో సహా స్నానం చేసి, మరిగించి చల్లార్చిన ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోండి. ఈ ఒక్క అలవాటు చాలామందికి సగం మందులు తగ్గిస్తుంది.

కోతలయ్యాక: కొయ్యకాళ్లు కాల్చకండి. ఆ పొగ మీ ముక్కుకే కాదు, ఊరందరి ముక్కులకూ పోతుంది. దమ్ము ఉన్నవాళ్లకైతే ఆ రాత్రి ప్రాణం మీదికి వస్తుంది.

ఇంట్లో: దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. ఊడ్చే బదులు తడిబట్టతో తుడవండి. ఎండాకాలం కూలర్ బయటికి తీసేముందు అందులోని పాత గడ్డి మార్చండి, తొట్టి కడగండి. పోయినేడు గడ్డికి పట్టిన బూజంతా ఫ్యాన్ మీ ముఖం మీదే కొడుతుంది. కాయిల్ బదులు దోమతెర కట్టుకోండి. రాత్రి భోజనానికి, నిద్రకు మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. ఆసిడ్ సమస్య ఉన్నవాళ్లు మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి. నీళ్లు సరిపడా తాగండి. గొంతు సవరించుకోవాలనిపించినప్పుడు ఒక గుటక నీళ్లు తాగి మింగండి, ఇందాక చెప్పిన గిరక ఆగుతుంది.

చివరగా, ఏ లక్షణాలుంటే ఆలస్యం చేయకూడదు? ముక్కు ఒక్క వైపు నుంచే స్రావం వస్తుంటే. చిన్నపిల్లల్లో ఒక వైపు నుంచే వాసనతో కారుతుంటే చింతగింజో, పూసో ఇరుక్కుని ఉంటుంది. బటన్ బ్యాటరీ అయితే గంటల్లోనే లోపల కాలిపోతుంది, రాత్రయినా తీసుకురండి. పెద్దవాళ్లలో ఒక వైపు చెడువాసన వస్తుంటే పైదంతం ఇన్‌ఫెక్షన్ సైనస్‌లోకి పోయి ఉండొచ్చు, ఫంగస్ కావచ్చు, అరుదుగా గడ్డ కావచ్చు. స్రావంలో రక్తం, మూడు వారాలు దాటిన గొంతు బొంగురు, మింగడం కష్టం కావడం, మెడలో గడ్డ, బరువు తగ్గడం ఉంటే, ముఖ్యంగా బీడీ, గుట్కా అలవాటు ఉన్నవాళ్లు, వెంటనే చూపించుకోండి. "ఇది కేన్సరా సారూ" అని అడిగేవాళ్లలో చాలామందికి అది కాదు. ఒక్కసారి గొంతులోకి కెమెరా పెట్టి చూస్తే భయం పోతుంది. చూపించుకోకుండా భయపడుతూ ఉండడం కంటే అది మేలు.

షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. 2021లో కోవిడ్ సమయంలో బ్లాక్ ఫంగస్ మీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని అప్పుడు దానికోసమే ప్రత్యేకంగా కేటాయించారు. అది ఇప్పుడు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. షుగర్ అదుపులో లేనివాళ్లకు ముఖం ఒక వైపు నొప్పి, తిమ్మిరి, కంటి వాపు, ఒకటి రెండుగా కనపడడం, ముక్కులో నల్లటి పొక్కులు ఉంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

ఇప్పుడు ఎక్కడికో పోవాల్సిన పని లేదు. 2019 నుంచి సూర్యాపేటలోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. జనరల్ ఆస్పత్రిలో ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి. వెళ్లినప్పుడు పాత చీటీలు, వాడుతున్న మందులన్నీ, ముక్కు చుక్కల సీసాతో సహా, తీసుకెళ్లండి. "దగ్గు వస్తుంది" అని ఒక్క మాట చెప్పి ఆగకండి. ఏ పని చేస్తారు, ఏ నెలలో ఎక్కువవుతుంది, ఏం పొయ్యి వాడతారు, అన్నీ చెప్పండి. డాక్టర్ టార్చ్ పట్టుకుని గొంతు మాత్రమే చూసి మందు రాస్తుంటే, "ముక్కు కూడా ఒకసారి చూడండి సార్" అని అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పొద్దున్నే కాండ్రించే పెద్దాయన ఉంటే, రాత్రంతా దగ్గే పిల్లాడు ఉంటే, ఈ ఎపిసోడ్ వాళ్లకు పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో పిల్లల్లో అడినాయిడ్స్, గురక గురించి మాట్లాడుకుందాం.